క్వారీ బండికీ చెరువు బండికీ ఇంజన్ ఆయిల్ ఎంచుకోవడం ఎలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల బండి యజమానులకు సమగ్ర మార్గదర్శి

చీమకుర్తి క్వారీలో బ్లాకులు లాగే ప్రొక్లెయిన్, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు తవ్వే ప్రొక్లెయిన్ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి కావచ్చు. రెండింటికీ పోసే ఆయిల్ డబ్బా కూడా ఒకటే కావచ్చు. కానీ మొదటిది రోజంతా రాతి దుమ్ము పీలుస్తుంది. రెండోది ఉప్పుగాలిలో, బురదలో, చాలాసేపు ఐడిల్‌లో నడుస్తుంది. ఈ రెండింటికీ ఒకే లెక్కన ఆయిల్ మారుస్తూ పోతే ఏదో ఒకటి ముందుగానే బోరుకు (ఇంజన్ విప్పి సిలిండర్లు బాగుచేయించే పనికి) వస్తుంది.

ఆయిల్ కొనేటప్పుడు మన దగ్గర ఎక్కువగా వినిపించేవి మూడు ప్రశ్నలు: ఏ కంపెనీ, ఎంత చిక్కన, ఎంత రేటు. నా దృష్టిలో ఈ మూడూ చివర్లో అడగాల్సినవి. బండి ఏ ఆయిల్ అడుగుతోంది, అది ఏ కాలం ఇంజన్, ఏ డీజిల్ తాగుతోంది, ఎలాంటి చోట పనిచేస్తోంది అన్నవి ముందు తేలాలి. అవి తేలితే షాపు మెట్లు ఎక్కేసరికే ఎంపిక దాదాపు అయిపోతుంది. జేసీబీ, ప్రొక్లెయిన్, లోడర్, డోజర్, గ్రేడర్, క్వారీ టిప్పర్, కంప్రెసర్, జనరేటర్ ఏదైనా సరే, డీజిల్ ఇంజన్ ఉంటే ఈ వరుస పనికొస్తుంది.

మొదటి అడుగు: బండి దగ్గర నిలబడి రాసుకోండి

ఒక చిన్న నోటుబుక్కు తీసుకోండి. బండి మోడల్, ఇంజన్ ప్లేటు మీద ఉన్న కంపెనీ పేరు, ఇంజన్ నంబరు, తయారైన సంవత్సరం, అవర్ మీటర్ రీడింగు రాయండి. కిందటిసారి ఆయిల్ ఎన్ని గంటల దగ్గర మార్చారో, ఏ ఆయిల్ పోశారో, అప్పటినుంచి ఎన్ని లీటర్లు టాప్‌అప్ చేశారో ఆపరేటర్‌ని అడిగి రాయండి. చివరి ప్రశ్నకు చాలాచోట్ల జవాబు దొరకదు. దొరకకపోతే ఈ రోజు నుంచే లెక్క మొదలుపెట్టండి, ఎందుకంటే ఇంజన్ ఆరోగ్యం గురించి ముందుగా చెప్పేది టాప్‌అప్ లెక్కే.

తర్వాత మాన్యువల్ తెరవండి. అందులో ఆయిల్ పట్టిక ఉంటుంది: ఏ గ్రేడు, ఏ క్వాలిటీ, బయటి వేడి ఎంత ఉంటే ఏ చిక్కదనం, ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలకు మార్పు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి సాధారణంగా మాన్యువల్ రాదు. అప్పుడు బండి సీరియల్ నంబరు, ఇంజన్ నంబరు పట్టుకుని డీలర్ సర్వీసు విభాగాన్ని అడగండి. బండి ఒక కంపెనీది, ఇంజన్ ఇంకో కంపెనీది అయి ఉండటం మామూలే కాబట్టి రెండు నంబర్లూ దగ్గర పెట్టుకోవాలి. "పక్క క్వారీలో అదే బండికి ఇదే పోస్తున్నారన్నా" అనే మాట మీద ఆధారపడకండి. చూడటానికి ఒకేలా ఉండే రెండు బండ్లలో రెండు తరాల ఇంజన్లు ఉండవచ్చు.

రెండో అడుగు: అది ఏ కాలం ఇంజనో తేల్చుకోండి

మన దేశంలో నిర్మాణ యంత్రాల పొగ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి సీఈవీ (కన్‌స్ట్రక్షన్ ఎక్విప్‌మెంట్ వెహికల్) స్టేజ్-4కి మారాయి. 2025 జనవరి 1 నుంచి స్టేజ్-5 వచ్చింది. అంతకు ముందు నడిచింది బీఎస్-3 సీఈవీ. ఈ తేదీలు కాగితాల కోసం మాత్రమే అనుకోకండి. ఇంజన్ లోపల ఏముందో, సైలెన్సర్ దారిలో ఏముందో ఇవే చెబుతాయి. పాత బీఎస్-3 బండిలో పొగ నేరుగా బయటికి పోతుంది. కొత్త బండ్లలో పొగను శుద్ధి చేసే సామాను ఉంటుంది: కొన్నిటిలో యూరియా ద్రావణం చల్లే ఎస్‌సీఆర్, కొన్నిటిలో మసిని పట్టుకునే డీపీఎఫ్, కొన్నిటిలో రెండూ.

ఈ డీపీఎఫ్ ఉందా లేదా అన్నదే ఆయిల్ ఎంపికలో పెద్ద మలుపు. ఇంజన్ ఎంతో కొంత ఆయిల్‌ను కాలుస్తూనే ఉంటుంది. ఆయిల్‌లో కలిపిన కాల్షియం, మెగ్నీషియం, జింక్ లాంటి పదార్థాలు కాలాక బూడిదగా మిగులుతాయి. డీపీఎఫ్‌లో చేరిన మసిని రీజనరేషన్ (ఫిల్టర్‌ను బాగా వేడిచేసి శుభ్రం చేయడం) అప్పుడు కాల్చేయవచ్చు కానీ బూడిద కాలదు, అక్కడే పేరుకుపోతుంది. బూడిద ఎక్కువిచ్చే పాత రకం ఆయిల్ పోస్తే ఆ ఫిల్టర్ ముందే పూడుకుపోతుంది. దాన్ని విప్పి శుభ్రం చేయించడానికో, మార్చడానికో అయ్యే ఖర్చు ముందు ఆయిల్‌లో మిగిల్చిన డబ్బు ఏ మూలకూ రాదు.

ఇక డబ్బా మీద కనిపించే ఏపీఐ అక్షరాల సంగతి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పద్ధతిలో 'సీ'తో మొదలయ్యేవి డీజిల్ ఇంజన్ ఆయిళ్లు, 'ఎస్'తో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజన్లవి. డీజిల్ వరుసలో సీఎఫ్-4 1990 నాటిది, సీహెచ్-4 1998 నాటిది, సీఐ-4 2002లో, సీజే-4 2006లో, సీకే-4 2016 చివర్లో వచ్చాయి. అక్షరం ముందుకు వెళ్లే కొద్దీ మసిని మోసే శక్తి, వేడికి తట్టుకునే శక్తి పెరిగాయి. సీజే-4 నుంచి బూడిదకు హద్దు పెట్టారు: సల్ఫేటెడ్ యాష్ 1.0 శాతం దాటకూడదు. సీకే-4 కూడా ఆ హద్దులోనే ఉంటుంది.

కాబట్టి డీపీఎఫ్ ఉన్న బండికి మాన్యువల్ సాధారణంగా సీజే-4 లేదా సీకే-4 అడుగుతుంది, అక్కడ బేరం లేదు. డీపీఎఫ్ లేని బీఎస్-3 బండికి సీఐ-4 చాలావరకు సరిపోతుంది. దానిలో సీకే-4 పోసినా ఇబ్బంది లేదు, ఎందుకంటే సీకే-4ను వెనకటి రకాల బదులు వాడగలిగేలా రూపొందించారు. సీఎఫ్-4 ఇంకా కొన్ని షాపుల్లో తక్కువ రేటుకు దొరుకుతుంది. ఏపీఐ దాన్ని ఎప్పుడో వాడుకలోంచి తీసేసింది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న ఏ ఇంజన్‌కీ దాన్ని కొనవద్దనే చెబుతాను. సీకే-4తో పాటే వచ్చిన ఎఫ్ఏ-4 అనే రకంతో జాగ్రత్త. అది పలచగా తయారుచేసింది, పాత ఇంజన్లకు బదులుగా వాడేది కాదు. మాన్యువల్లో ఆ పేరు ఉంటే తప్ప ముట్టుకోవద్దు.

జపాన్ బండ్ల మాన్యువల్లో ఏపీఐ బదులు, లేదా దానితో పాటు, జాసో అనే జపాన్ ప్రమాణంలోని డీహెచ్-1 లేదా డీహెచ్-2 అని ఉండవచ్చు. డీహెచ్-2 బూడిద తక్కువిచ్చే రకం, డీపీఎఫ్ ఉన్నవాటికి. కమిన్స్ ఇంజన్లకు ఆ కంపెనీ సొంత ప్రమాణాలైన సీఈఎస్ 20078, 20081, 20086 లాంటి నంబర్లుంటాయి. అవి వరుసగా సీఐ-4, సీజే-4, సీకే-4 తరాలకు దగ్గరగా నడుస్తాయి. వోల్వోకు అలాగే వీడీఎస్-3, వీడీఎస్-4, వీడీఎస్-4.5 ఉన్నాయి. మీ మాన్యువల్లో ఏ నంబరు ఉందో అది నోటుబుక్కులో రాసుకోండి. డబ్బా వెనక అదే నంబరు వెతకాలి.

మూడో అడుగు: చిక్కదనం. మే నెల ఎండకు భయపడి తప్పు చేయకండి

షాపులో మొదట వినిపించే మాట "ఫిఫ్టీన్ ఫార్టీ కావాలా, ట్వంటీ ఫిఫ్టీ కావాలా?" అని. 15డబ్ల్యూ-40లో మొదటి అంకె చలిలో ఇంజన్ స్టార్టయ్యే తీరుకు సంబంధించింది. 15డబ్ల్యూ ఆయిల్‌ను పరీక్షించేది మైనస్ 20 డిగ్రీల దగ్గర. నెల్లూరులో, ఒంగోలులో చలికాలం తెల్లవారుజామున కూడా దానితో మనకు పని పడదు. మనకు ముఖ్యమైనది రెండో అంకె. 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉందో అది చెబుతుంది. 40 గ్రేడు అంటే ఆ వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య, 50 గ్రేడు అంటే 16.3 నుంచి 21.9 మధ్య.

"మన ఎండలకు 20డబ్ల్యూ-50 అయితేనే ఆగుతుంది" అనే నమ్మకం మన జిల్లాల్లో గట్టిగా ఉంది. మేలో ఎండ 40 దాటుతుంది, నిజమే. కానీ ఇంజన్ లోపలి ఆయిల్ వేడి బయటి ఎండను బట్టి సూటిగా పెరగదు. థర్మోస్టాట్, రేడియేటర్, ఆయిల్ కూలర్ కలిసి దాన్ని అదుపులో ఉంచుతాయి. అవి సరిగ్గా పనిచేస్తుంటే జనవరిలోనైనా మేలోనైనా ఆయిల్ దాదాపు 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. వేసవిలో బండి వేడెక్కుతోందంటే ముందు చూడాల్సింది రేడియేటర్. క్వారీ దుమ్ము, చెరువుగట్ల మీది ఎండుగడ్డి, ఆయిల్ జిడ్డు కలిసి రేడియేటర్ రెక్కల మధ్య గట్టిగా పట్టేస్తాయి. బయటినుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. వెనక లైటు పెట్టి ఇటువైపు నుంచి చూడండి. వెలుతురు రాని చోటల్లా గాలి కూడా రావడం లేదని అర్థం. దాన్ని కడిగించకుండా ఆయిల్ చిక్కదనం పెంచితే జబ్బు ఒకటి, మందు ఒకటి అవుతుంది.

అవసరానికి మించి చిక్కగా ఉన్న ఆయిల్‌తో నష్టం ఉంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు అది టర్బో బేరింగులకు, పై భాగానికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఫిల్టర్ గుండా త్వరగా పోలేక బైపాస్ వాల్వు తెరుచుకుంటే, వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు వెళ్తుంది. గేజీలో ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఆపరేటర్‌కు ధైర్యంగా ఉంటుంది. కానీ ప్రెషర్ ఎక్కువున్నంత మాత్రాన ఆయిల్ అన్ని చోట్లకూ అందుతున్నట్టు కాదు.

మన వాతావరణంలో ఎక్కువ మాన్యువల్స్ పట్టికలో 15డబ్ల్యూ-40 హాయిగా ఇముడుతుంది. 20డబ్ల్యూ-50 ఎప్పుడు? పాత బండి అయి ఉండి, మాన్యువల్ పట్టిక దాన్ని ఒప్పుకుని, బోరు పని చేయించేదాకా ఆయిల్ తినడం కాస్త తగ్గించుకోవాలనుకున్నప్పుడు. అది తాత్కాలిక ఏర్పాటు అని మీకూ మీ మెకానిక్‌కూ స్పష్టంగా తెలిసి ఉండాలి.

నాలుగో అడుగు: చోటును చదవండి

ఈ అడుగు మీద ఎక్కువసేపు ఆగాలి. సరైన ఆయిల్ కొన్నాక కూడా ఇంజన్లు పోయేది ఇక్కడే.

మొదట చీమకుర్తి లాంటి చోట్లు. అక్కడ తీసే నల్లటి గెలాక్సీ రాయిని గ్రానైట్ అని పిలుచుకుంటున్నా భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. ఏ పేరుతో పిలిచినా డ్రిల్లింగు, కటింగు, టిప్పర్ల రాకపోకలతో లేచే దాని పొడి ఇనుముకు ప్రమాదమే. ఎయిర్ ఫిల్టర్ దాటిన దుమ్ము ఆయిల్‌తో కలిస్తే లైనర్‌కూ (సిలిండర్ లోపలి గోడకూ) పిస్టన్ రింగులకూ మధ్య సాన పెట్టే ముద్దలా పనిచేస్తుంది. కంటికి కనిపించనంత సన్నని రేణువులే ఎక్కువ అరగదీస్తాయి, ఎందుకంటే అవి ఆయిల్ పొర మందంలో సరిగ్గా ఇరుక్కుంటాయి. ఎంత ఖరీదైన ఆయిల్ అయినా దీన్ని ఆపలేదు. అందుకే క్వారీ యజమానులకు నేను చెప్పేది: మాన్యువల్ అడిగిన ఆయిల్ కొనండి, దానికంటే ఖరీదైనది కొనాలనుకున్న డబ్బును ఎయిర్ ఫిల్టర్ల మీద, హోస్ క్లిప్పుల మీద పెట్టండి.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర మన హెల్పర్లు చేసే పని ఒకసారి గమనించండి. పొద్దున్నే బయటి ఎలిమెంట్ తీసి టైరుకేసి, ట్రాక్ ప్యాడ్‌కేసి నాలుగు దెబ్బలు కొడతారు. దుమ్ము రాలుతుంది, మళ్లీ పెట్టేస్తారు. ఆ దెబ్బలకు కాగితం మడతలు చిట్లుతాయి, అంచునున్న రబ్బరు సీలు వంకర పోతుంది. తీసిన ప్రతిసారీ గూడులో ఉన్న దుమ్ము శుభ్రమైన వైపు పడే అవకాశం ఉంది. ఫిల్టర్ పూడుకుందని చెప్పే రెస్ట్రిక్షన్ ఇండికేటర్ ఎరుపు చూపించినప్పుడో, కేబిన్‌లో హెచ్చరిక వచ్చినప్పుడో మాత్రమే ఫిల్టర్ తీయడం మంచిది. లోపలి సేఫ్టీ ఎలిమెంట్‌ను శుభ్రం చేయకూడదు, మాన్యువల్ చెప్పినప్పుడు కొత్తది వేయాలి. ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టం లోపల వేలు పెట్టి తుడిచి చూడండి. వేలికి సన్నని పొడి అంటిందంటే ఎక్కడో లీకు ఉంది, ఆ రోజు బండిని పనిలోకి దించకండి.

రెండోది తీరం. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు చెరువులు తవ్వే బండ్లకూ, కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల తిరిగే లోడర్లకూ దుమ్ముకంటే తేమ, ఉప్పు సమస్య. చెరువు పనిలో బండి చాలాసేపు ఐడిల్‌లో ఉంటుంది: టిప్పర్ కోసం ఎదురుచూపు, రైతుతో గట్టు కొలతల మాటలు. ఐడిల్‌లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. కాలని డీజిల్ కొంత లైనర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది, తేమ ఆవిరై పోదు, మసి పెరుగుతుంది. అవర్ మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. "బండి ఊరికే ఆన్‌లో ఉంది కదా, ఆ గంటలు లెక్క వేయొద్దు" అనే వాదన ఆయిల్ విషయంలో చెల్లదు. ఐదు నిమిషాలకు మించి పని లేకపోతే ఇంజన్ ఆపేయడం డీజిల్‌కూ ఆయిల్‌కూ మంచిది.

మూడోది డీజిల్. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్ అమ్ముతున్నారు, అందులో గంధకం 10 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 10 భాగాలకు) మించకూడదు. గంధకం కాలితే ఆమ్లం తయారవుతుంది, దాన్ని చల్లార్చే శక్తినే ఆయిల్ టీబీఎన్ అంటారు. బంకు డీజిల్ పోసేవారికి ఇప్పుడు టీబీఎన్ గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. కానీ ఎక్కడినుంచి వచ్చిందో తెలియని చౌక డీజిల్‌నో, బయోడీజిల్ పేరుతో డ్రమ్ముల్లో వచ్చేదాన్నో పోస్తే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. అలాంటి ఇంధనం ఆయిల్‌ను త్వరగా పాడుచేస్తుంది, ఇంజెక్టర్లను, డీపీఎఫ్‌ను ఇంకా త్వరగా పాడుచేస్తుంది.

ఈ మూడింటినీ బట్టి గంటలు నిర్ణయించుకోండి. మాన్యువల్లో 500 గంటలు అని ఉంటే అది మామూలు పరిస్థితికి రాసింది. విపరీతమైన దుమ్ము, భారీ లోడు, ఎక్కువ ఐడిల్ ఉంటే తగ్గించమని అదే మాన్యువల్ చెబుతుంది. ల్యాబ్ పరీక్ష చేయించేదాకా క్వారీలో దాన్ని సగానికి, అంటే 250కి తగ్గించుకుని నడపడం క్షేమం. పరీక్షలు బాగా వస్తే అప్పుడు కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు.

ఐదో అడుగు: షాపులో డబ్బా చదవడం

డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే 'సూపర్', 'టర్బో', 'ప్రీమియం' మాటలను వదిలేసి వెనక్కి తిప్పండి. మీ నోటుబుక్కులో రాసుకున్న ఎస్ఏఈ గ్రేడు (15డబ్ల్యూ-40 లాంటి చిక్కదనం అంకె), ఏపీఐ లేదా జాసో రకం, ఇంజన్ కంపెనీ నంబరు మూడూ ఉన్నాయేమో చూడండి. ఇంజన్ కంపెనీ నంబరు దగ్గర ఒక తేడా ఉంది. ఆ కంపెనీ పరీక్షించి ఆమోదించిన ఆయిల్ వేరు, "ఈ ప్రమాణానికి సరిపోతుంది" అని ఆయిల్ కంపెనీయే రాసుకున్నది వేరు. వారంటీలో ఉన్న బండికి ఆమోదం ఉన్నదే తీసుకోండి, బిల్లులు దాచండి. వారంటీలో ఉన్నంతకాలం డీలర్ చెప్పిన ఆయిలే పోయడం ఉత్తమం. వారంటీ దాటాక బండి కంపెనీ పేరున్న డబ్బానే కొనాలని లేదు. ఇండియన్ ఆయిల్ వారి సర్వో, భారత్ పెట్రోలియం వారి మాక్, హిందుస్థాన్ పెట్రోలియం వారి హెచ్‌పీ ఆయిళ్లు, ప్రైవేటు కంపెనీలవి ఏవైనా సరే, ఆ మూడు గుర్తులూ కలిస్తే చాలు. మాటిమాటికీ కంపెనీ మార్చడం మాత్రం మానుకోండి, ల్యాబ్ రిపోర్టులు పోల్చుకోవడం కష్టమవుతుంది.

లూజు ఆయిల్ కొనవద్దు. పేరున్న కంపెనీల ఖాళీ బకెట్లలో నాసిరకం ఆయిల్ నింపి అమ్మే మోసం ఉంది. మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. జీఎస్టీ బిల్లు లేకుండా తగ్గింపు ఇస్తామంటే ఆ తగ్గింపు వద్దనండి. ఖాళీ అయిన మీ బకెట్లకు చిల్లు పొడిచి, లేబుల్ గీసేసి తుక్కుకు వేయండి. అలా చేస్తే మీ బకెట్టే నకిలీ ఆయిల్‌తో ఇంకొకరి షెడ్డుకు చేరదు.

కౌంటర్ మీద ఉండే చిన్న చిన్న అడిటివ్ సీసాలు, 'ఇంజన్ లైఫ్ పెంచే' ద్రావణాలు కొనకండి. మంచి ఆయిల్‌లో ఈ పదార్థాలన్నీ కొలత ప్రకారం కలిపే ఉంటాయి. మీరు ఇంకా కలిపితే ఆ కొలత చెడుతుంది.

హైడ్రాలిక్ ఆయిల్, గేర్ ఆయిల్, కంప్రెసర్ ఆయిల్ పూర్తిగా వేరు. క్వారీలో స్క్రూ కంప్రెసర్ ఉన్నవారు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి: దాని డీజిల్ ఇంజన్‌కు ఒక ఆయిల్, గాలి తోసే స్క్రూ భాగానికి ఇంకో ఆయిల్. రెండు మూతలకూ వేర్వేరు రంగు పెయింటు వేయించండి.

రేటు లెక్క ఇలా వేయండి

లీటరు రేటు చూసి నిర్ణయించకండి, గంటకు ఎంత పడుతుందో చూడండి. సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) 20 లీటర్లు పడుతుందనుకుందాం. రెండు ఆయిళ్ల మధ్య తేడా లీటరుకు 60 రూపాయలనుకుందాం. అంటే ఒక మార్పుకు 1,200 రూపాయల తేడా. 250 గంటలకు పంచితే గంటకు 4 రూపాయల 80 పైసలు, 500 గంటలకైతే 2 రూపాయల 40 పైసలు. మీ బండి గంట బాడుగ పక్కన ఆ అంకె పెట్టి చూడండి. ఇంజన్ పట్టేస్తే వచ్చే రిపేరు బిల్లు, బండి షెడ్డులో ఉన్నన్ని రోజుల బాడుగ నష్టం కూడా పక్కనే రాయండి. సింథటిక్ ఆయిల్ గురించి అడిగేవారికి కూడా ఇదే లెక్క. అది వేడికి బాగా నిలుస్తుంది, కానీ దుమ్ము వల్ల 250 గంటలకే పారబోయాల్సిన క్వారీ బండిలో ఆ అదనపు శక్తిని వాడుకునే అవకాశమే రాదు. చాలా క్వారీ బండ్లకు మంచి మినరల్ ఆయిలే తగినది.

ఆరో అడుగు: డ్రమ్ము నిల్వ

ఎక్కువ బండ్లున్నవారు 210 లీటర్ల డ్రమ్ము కొంటారు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము పైమూత చుట్టూ వాననీరు నిలుస్తుంది. పగలు ఎండకు డ్రమ్ము లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డప్పుడు లోపలికి పీల్చుకుంటుంది, బిరడా బిగుతుగా ఉన్నట్టు కనిపించినా ఆ నిలిచిన నీటిని కూడా పీల్చుకుంటుంది. సీలు తీయని డ్రమ్ములోకి నీళ్లు చేరేది ఇలాగే. డ్రమ్మును రేకుల షెడ్డు కిందికి తరలించండి. కుదరకపోతే చెక్కల మీద పక్కకు పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలు ఉండే చోట ఉండేలా తిప్పండి. అప్పుడు లోపలి ఆయిల్ బిరడాలను ముంచి ఉంచుతుంది, నీరు చేరదు. ఆయిల్ తీయడానికి మూతున్న ప్రత్యేకమైన క్యాన్, పంపు పెట్టుకోండి. కోసిన కూల్‌డ్రింకు సీసాను గరాటుగా వాడే అలవాటు క్వారీల్లో ఉంది, దానికి అంటిన దుమ్ము నేరుగా సంప్‌లోకి పోతుంది.

ఏడో అడుగు: మార్చే రోజు

బండిని చదునైన నేల మీద నిలపండి, బకెట్ నేలకు దించండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ దించాలి, మసి, రేణువులు తేలుతూ ఉండి ఆయిల్‌తో పాటే పోతాయి. చేతులు కాలకుండా గ్లౌజులు వేసుకోండి. డ్రెయిన్ ప్లగ్ వాషర్ కొత్తది వేయండి. ఫిల్టర్ ప్రతిసారీ మార్చండి. కొత్త ఫిల్టర్ రబ్బరుకు కొంచెం ఆయిల్ పూసి, చేత్తోనే ఫిల్టర్ మీద రాసినంత మేర బిగించండి.

పాత ఫిల్టర్‌ను పారేయకుండా కోసి, కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడండి. సన్నని మసి ఉండటం మామూలే. మెరిసే రేకులు కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియం గానీ బేరింగు లోహం గానీ కావచ్చు. ఇలాంటివి కనిపిస్తే కొత్త ఆయిల్ పోసి బండిని పనికి పంపకండి, మెకానిక్‌కు చూపించండి.

పోయడంలో 'ఒక లీటరు ఎక్కువుంటే మంచిదే' అనుకోకూడదు. పైగీత దాటితే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగలో గాలి ఉంటుంది, బేరింగులకు ఆయిల్ బదులు గాలి అందుతుంది. నింపాక ఇంజన్ కాసేపు నడిపి ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి, మళ్లీ డిప్‌స్టిక్ చూడండి.

ఎనిమిదో అడుగు: డిప్‌స్టిక్, ల్యాబ్ రిపోర్టు ఏం చెబుతాయి

రోజూ పొద్దున స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ చూడటం ఆపరేటర్ మొదటి పని కావాలి. ఆయిల్ నల్లబడిందని కంగారు పడక్కర్లేదు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది, మసిని పట్టి మోస్తోందని దానర్థం. అసలు కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి. మజ్జిగ రంగులోకి మారిందంటే నీరు కలిసింది. మట్టం తగ్గకుండా పెరుగుతోందంటే డీజిల్ గానీ కూలెంట్ గానీ దిగుతోంది. పుల్లను వాసన చూస్తే డీజిల్ సంగతి చాలాసార్లు తెలిసిపోతుంది. టాప్‌అప్ నెలనెలా పెరుగుతోందంటే రింగులు, టర్బో సీలు, వాల్వు సీళ్లు వరుసగా చూడాలి.

మూడు నాలుగు బండ్లకు మించి ఉన్నవారు ఆయిల్ శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపే అలవాటు చేసుకోవాలి. పెద్ద ఆయిల్ కంపెనీలు, బండి డీలర్లు ఈ పరీక్ష చేయిస్తారు. ఇంజన్ వేడిగా ఉండగా, దించుతున్న ఆయిల్ ధార మధ్యలో శుభ్రమైన సీసాలో పట్టండి. మొదట వచ్చేదీ, చివరి అడుగూ వద్దు. సీసా మీద బండి గంటలు, ఆ ఆయిల్ నడిచిన గంటలు, టాప్‌అప్ లీటర్లు రాయండి. అవి లేని రిపోర్టు సగం రిపోర్టే.

రిపోర్టులో ముందు సిలికాన్ చూడండి. సిలికాన్, దానితో పాటు అల్యూమినియం, ఇనుము, క్రోమియం కలిసి పెరిగితే దుమ్ము లోపలికి వెళ్లి లైనర్లు, రింగులు, పిస్టన్లు అరుగుతున్నాయి. సిలికాన్ ఒక్కటే పెరిగి మిగతావి మామూలుగా ఉంటే, కొత్తగా విప్పి బిగించిన ఇంజన్‌లో గ్యాస్కెట్ సీలెంట్ నుంచి వచ్చి ఉండవచ్చు. సీసం, రాగి పెరిగితే బేరింగుల మీద అనుమానం. సోడియం పెరిగితే సాధారణంగా కూలెంట్ లీకు అంటారు, కానీ తీరంలో తిరిగే బండికి అది ఉప్పునీటి నుంచి కూడా రావచ్చు. పొటాషియం కూడా కలిసి పెరిగితే కూలెంట్ అనుమానం బలపడుతుంది. ఒక్క రిపోర్టు చూసి ఇంజన్ విప్పకండి. వరుసగా మూడు నాలుగు రిపోర్టులు పక్కపక్కన పెడితే అంకెలు ఎటు పోతున్నాయో తెలుస్తుంది.

ల్యాబ్ దూరమైతే, నీటి అనుమానానికి ఒక చిన్న పరీక్ష ఉంది. డీజిల్ ట్యాంకుకు దూరంగా, బాగా వేడెక్కిన రేకు మీద ఒక చుక్క ఆయిల్ వేయండి. చిటపటలాడితే నీరుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోవడం మరువద్దు.

ఆపరేటర్‌కు చెప్పాల్సింది ఇంకొకటుంది. పని ముగిసిన వెంటనే ఇంజన్ కట్టేయకూడదు. టర్బో ఇంకా ఎర్రగా కాలుతూ, వేగంగా తిరుగుతూ ఉంటుంది. ఆయిల్ సరఫరా ఆగిపోతే అక్కడున్న ఆయిల్ మాడి బొగ్గులా పట్టేస్తుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపమనండి. పొద్దున స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ పెంచకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగమనండి.

చివరి అడుగు: దించిన ఆయిల్

వాడేసిన ఇంజన్ ఆయిల్ 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. కాలువ గట్టున పారబోసినా, మట్టిలో గుంట తీసి పోసినా అది చివరికి నీళ్లలోకి చేరుతుంది. చెరువుల మధ్య పనిచేసే బండ్ల వాళ్లు దీన్ని మరీ గట్టిగా పట్టించుకోవాలి. గట్టు మీద ఒలికిన ఆయిల్ వానకు చెరువులోకి దిగితే రైతు రొయ్యలకే ముప్పు. సెంట్రింగ్ రేకులకు పూయడానికి, పొయ్యిల్లో కాల్చడానికి పాత ఆయిల్ అడిగేవారు ఉంటారు, వారికి ఇవ్వకండి. కాల్చితే అందులోని లోహాలు పొగలో కలుస్తాయి. మూతున్న డ్రమ్ములో పోసి 'వాడిన ఆయిల్' అని పెద్దగా రాసి, కొత్త ఆయిల్ డ్రమ్ములకు దూరంగా పెట్టండి. హైడ్రాలిక్ ఆయిల్, డీజిల్, కూలెంట్ అందులో కలపకండి. నిండాక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కు ఇచ్చి, ఎన్ని లీటర్లు ఇచ్చారో రసీదు తీసుకుని అదే నోటుబుక్కులో పిన్ను కొట్టి ఉంచండి. తనిఖీకి వచ్చినప్పుడు ముందు అడిగేది ఆ కాగితమే.